కొవ్వు గొలుసులో వంపు

లిపిడ్లు: నీళ్లలో కరగనివి, క్లోరోఫామ్ లాంటి ద్రావకాల్లో కరిగేవి. ముఖ్యంగా ఈ లక్షణం చూసే నెయ్యినీ, తేనెమైనాన్నీ, కొలెస్టరాల్‌నూ, విటమిన్ డినీ ఒకే గుంపులో వేశారు. నిర్మాణం చూస్తే వీటిలో కొన్నిటికి పొంతనే ఉండదు.

కొవ్వు ఆమ్లం: ఒక చివర కార్బాక్సిల్ సమూహం, దాని వెనక కార్బన్ గొలుసు. జీవకణం ఈ గొలుసును రెండేసి కార్బన్లు చేర్చుకుంటూ పెంచుతుంది కాబట్టి లెక్క సాధారణంగా సరిసంఖ్యే. నెయ్యిలోని బ్యుటిరిక్ ఆమ్లంలో 4, కొబ్బరినూనెలోని లారిక్‌లో 12, పామాయిల్‌లోని పామిటిక్‌లో 16.

సంతృప్తం, అసంతృప్తం: వంటింటికి పనికొచ్చే రసాయనం చాలావరకు ఇక్కడే ఉంది. స్టియరిక్, ఓలియిక్, లినోలియిక్ మూడూ 18 కార్బన్ల ఆమ్లాలే. మొదటిది 69 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. రెండోదానికి 13 డిగ్రీలు చాలు. మూడోది సున్నాకు 5 డిగ్రీలు దిగువనే కరుగుతుంది. స్టియరిక్‌లో ద్విబంధం లేదు, అదే సంతృప్తం; ఓలియిక్‌లో ఒకటి, లినోలియిక్‌లో రెండు, ఇవి అసంతృప్తం. ద్విబంధం ఉన్నచోట గొలుసు వంగుతుంది. తిన్నని పుల్లలు మోపులో బిగుతుగా ఇమిడినట్టు సంతృప్త గొలుసులు దగ్గరగా చేరి గడ్డకడతాయి; వంకరవి అలా ఇమడవు, ద్రవంగానే ఉంటాయి. మరి సంతృప్తాలతో నిండిన కొబ్బరినూనె ఎండాకాలం నీళ్లలా ఎందుకుంటుంది? దాని గొలుసులు పొట్టివి గనక. దాదాపు 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. జనవరి పొద్దున సీసాలో పేరుకుంటే కల్తీ అంటూ కొట్టువాడితో తగువు పెట్టుకోనక్కర్లేదు.

ట్రాన్స్ కొవ్వు: నికెల్ ఉత్ప్రేరకంతో నూనెకు కొంత హైడ్రోజన్ పట్టించి వనస్పతి చేసేటప్పుడు, మిగిలిన ద్విబంధాల్లో కొన్ని తిరగబడతాయి. బంధం ఉంటుంది, వంపు పోతుంది. ఇది రక్తంలో చెడు కొలెస్టరాల్ అనే ఎల్‌డీఎల్‌ను పెంచి, మంచిదనే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, కొవ్వుల్లో దీనికి 2 శాతం హద్దు పెట్టారు. ఇంకా ముందే పెట్టాల్సింది.

ట్రైగ్లిజరైడు: గ్లిసరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుంటే ఇదే. బాణలిలో కాగేదీ, రక్తపరీక్ష రిపోర్టులో కనిపించేదీ ఒకటే. గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థాలకు 4.

ఫాస్ఫోలిపిడ్: ట్రైగ్లిజరైడులోని మూడు ఆమ్లాల్లో ఒకదాని స్థానంలో ఫాస్ఫేటు చేరితే ఒక కొసకు నీళ్లంటే ఇష్టం, రెండో కొసకు గిట్టదు. నీళ్లలో పడ్డాక ఇవి నీళ్లు గిట్టని తోకలు లోపలికి పెట్టి రెండు వరసలుగా సర్దుకుంటాయి. మన ప్రతి కణం చుట్టూ ఉన్న పొర ఇదే. వంపు ఇక్కడా పనికొస్తుంది: చల్లటి నీటి చేపలు తమ పొరల్లో అసంతృప్త ఆమ్లాలు పెంచుకుంటాయి, లేకపోతే పొర బిగుసుకుపోతుంది.

ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు: 1929లో అమెరికాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు కొవ్వు బొత్తిగా లేని తిండి పెడితే ఎలుకల చర్మం పొలుసులు కట్టింది. లినోలియిక్, ఆల్ఫా లినోలినిక్ ఆమ్లాలు మన శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వేరుశనగ, నువ్వుల నూనెల్లో మొదటిది దండిగా ఉంటుంది, రెండోది నామమాత్రం. రెండోదానికి అవిసె గింజల పొడి మంచి దారి.

కొలెస్టరాల్: ఇందులో పొడుగాటి గొలుసు లేదు, నాలుగు వలయాలున్నాయి. పైత్యరస ఆమ్లాలు, కార్టిసాల్, టెస్టోస్టెరాన్, ఈస్ట్రోజెన్ దీన్నుంచే పుడతాయి. ఎక్కువ భాగం శరీరమే తయారుచేసుకుంటుంది. మొక్కల్లో ఇది లేనట్టే లెక్క. కాబట్టి వేరుశనగ నూనె పాకెట్టు మీద ‘కొలెస్టరాల్ లేదు’ అని వేసుకోవడం గొప్పేమీ కాదు, వ్యాపారం.

రిసినోలియిక్ ఆమ్లం: ఆముదంలో దాదాపు 90 శాతం ఇదే. ఓలియిక్ లాగే 18 కార్బన్లు, ఒక ద్విబంధం. అదనంగా పన్నెండో కార్బన్ మీద ఒక హైడ్రాక్సిల్ సమూహం. ఆ చిక్కదనం, ఆల్కహాల్‌లో కరిగే గుణం దాని చలవే. ఆముదం తాగితే, పేగుల్లో లైపేజ్ ఎంజైము ట్రైగ్లిజరైడు నుంచి ఈ ఆమ్లాన్ని విడదీస్తేనే విరేచనం అవుతుంది. కందెనలకూ, నైలాన్ 11 అనే ప్లాస్టిక్కుకూ ముడిసరుకు ఇదే.