కుక్క పేగుల్లోని చరిత్ర

తోడేలు కుక్కగా మారిన కథను ఇంతకాలం ఎముకల ఆధారంగానూ, ఇటీవల జన్యువుల ఆధారంగానూ చెప్పుకుంటూ వచ్చాం. ఆ కథకు మూడవ సాక్ష్యం కుక్క పేగుల్లో నివసించే సూక్ష్మజీవులు.

2013లో ఎరిక్ ఆక్సెల్‌సన్ బృందం ‘నేచర్’ పత్రికలో ఒక ముఖ్యమైన తేడాను ప్రకటించింది. పిండిపదార్థాన్ని అరిగించే అమైలేజ్ అనే ఎంజైముకు ఆధారమైన ఏఎంవై2బి జన్యువు తోడేళ్ళలో 2 ప్రతులుగా ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 వరకు ఉంది. సేద్యం నేర్చిన మనిషి పెట్టిన తిండి కుక్క దేహంపై వేసిన ముద్ర ఇది. అయితే జన్యువుల్లో ఇటువంటి మార్పు స్థిరపడటానికి ఎన్నో తరాలు పడుతుంది. అంతవరకు కుక్క ఆ తిండిని ఎలా అరిగించుకున్నది?

ఉత్తర ఇటలీలోని సొలారొలో వద్ద, కాంస్యయుగపు జనావాసంలో, శిలాజాలుగా మిగిలిన కుక్కల మలం ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. సుమారు మూడున్నర వేల ఏళ్ళ నాటి ఆ నమూనాల్లోని డిఎన్‌ఏను పరిశీలించిన సిమోనె రంపెల్లి బృందం 2021లో తన ఫలితాలను వెలువరించింది. ఆ కుక్కల్లో ఏఎంవై2బి ప్రతులు తక్కువే. కాని వాటి పేగుల్లోని సూక్ష్మజీవులలో పిండిని విడగొట్టే జన్యువులు సమృద్ధిగా ఉన్నాయి. దేహం ఇంకా సంతరించుకోని శక్తిని సూక్ష్మజీవులు కొంతవరకు సమకూర్చాయన్నమాట.

ఈ సహవాసం నేటికీ కొనసాగుతున్నది. ఎలుక, పందులతో పోలిస్తే కుక్క పేగుల్లోని సూక్ష్మజీవుల జన్యువులు మనిషివాటికే దగ్గరగా ఉన్నాయని 2018లో వెలువడిన మరొక అధ్యయనం తేల్చింది. ఆ సమూహంలో గతంలో క్లాస్ట్రిడియం హిరనోనిస్ అని పిలిచిన బాక్టీరియా కాలేయం నుంచి వచ్చే పైత్యరస ఆమ్లాలను మార్చి, హానికర జీవులను అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. దీర్ఘకాలిక పేగువ్యాధి ఉన్న అనేక కుక్కల్లో ఇది తగ్గిపోతుంది. ఆ తగ్గుదల వ్యాధికి కారణమా, ఫలితమా అన్నది ఇంకా చర్చనీయాంశమే.

విరేచనాలు పట్టుకున్న కుక్కకు వెంటనే మెట్రొనిడజోల్ ఇవ్వడం చాలాకాలంగా అలవాటు. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు ఈ మందు ఇచ్చి చూసినప్పుడు, ఆపిన 4 వారాలకు కూడా కొన్నింటి సూక్ష్మజీవులు పూర్వస్థితికి రాలేదు. యాంటీబయాటిక్ తప్పనిసరి అయిన జబ్బులు లేకపోలేదు. ఆ నిర్ణయం వైద్యులది. కాని సాధారణ విరేచనాలకు అది అవసరమా అని మనం అడగవచ్చు. అలాగే, తోడేలు వారసుడు కనుక కుక్కకు మాంసం తప్ప మరేదీ సరిపడదనే వాదనకు కూడా ఈ చరిత్ర మద్దతు ఇవ్వదు. మనిషి పంచిన తిండిని అరిగించుకోవడం కుక్క ఒంటరిగా నేర్చుకోలేదు. దాని పేగుల్లోని జీవులు కూడా నేర్చుకున్నాయి.