టెలివిజను తెరపై గ్రహాంతరవాసులు

విశ్వములో మన భూమివంటి గోళములు మరికొన్ని ఉండునా? ఉన్నచో వానిపై ప్రాణులు నివసించుచున్నవా? ఈ ప్రశ్నలు మానవుని చిరకాలముగా వెంటాడుచున్నవి. భూమికి వెలుపల జీవమున్నట్లు ఇంతవరకు తిరుగులేని నిదర్శన మొక్కటియు దొరకలేదు. అయినను కథారచయితలు, టెలివిజను నిర్మాతలు ఆ ప్రాణులకు వేలకొలది రూపములు కల్పించిరి. ఎవ్వరును ఎన్నడును చూడనిదానిని ఇతరులకు చూపుట ఎట్లు? ఈ చిక్కును టెలివిజను ఎదుర్కొనిన తీరు వినోదకరమైనది మాత్రమే కాదు. తెలియనిదాని యెడల మన మనస్సు ఎట్లు ప్రవర్తించునో కూడ తెలుపును.

కాలువల కథ

1877లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు షియాపరెల్లీ అంగారకుని పరిశీలించి, దాని ఉపరితలముపై సన్నని గీతలు కనబడుచున్నవని ప్రకటించెను. వానికి ఆయన వాడిన 'కనాలీ' అను ఇటాలియను పదమునకు సహజమైన పాయలు అనియు అర్థము కలదు. ఆంగ్లములో నది త్రవ్విన కాలువలుగా మారెను. కాలువలున్నచో త్రవ్వినవారును ఉండవలెను గదా! అమెరికాలో పర్సివల్ లోవెల్ 1894లో ఆరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ వద్ద వేధశాలను నెలకొల్పి, అంగారకవాసులు ఎండిపోవుచున్న తమ గ్రహమును కాపాడుకొనుటకు ధ్రువములనుండి నీటిని తెచ్చుకొనుచున్నారని వాదించెను. 1898లో పుస్తకముగా వెలువడిన హెచ్. జి. వెల్స్ నవల 'వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో అంగారకవాసులు భూమిపై దండెత్తిరి.

1965 జూలైలో మారినర్-4 అను అంతరిక్ష నౌక అంగారకుని సమీపమునుండి సాగిపోవుచు ఇరువదికి పైగా ఛాయాచిత్రములను పంపెను. వానిలో ఉల్కాపాత గర్తములు కనబడినవి గాని కాలువలు లేవు. తాడును చూచి పామనుకొన్నట్లు, కంటికి అస్పష్టముగా కనబడిన మచ్చలను మనస్సు గీతలుగా కలిపివైచెను. కాని భ్రాంతి తొలగులోపలనే ఊహ టెలివిజనులో ప్రవేశించియుండెను.

చేతితొడుగుల భూతము

1953 వేసవిలో బ్రిటిషు బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్ 'క్వేటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్' అను నాటకమును ఆరు భాగములుగా ప్రసారము చేసెను. రచయిత నైజెల్ నీల్. రాకెట్టులో ముగ్గురు వెళ్లి, ఒక్కడే తిరిగివచ్చును. అతనిలో ప్రవేశించిన అజ్ఞాత జీవము అతనిని క్రమక్రమముగా మొక్కవంటి వింతప్రాణిగా మార్చివేయును.

ఆ దినములలో నాటకము నటించుచుండగనే ప్రసారమయ్యెడిది; ఖర్చునకు ధనమును స్వల్పము. కథాంతమున వెస్ట్‌మినిస్టర్ ఆబీలో భూతము కనబడవలెను. నీల్, ఆయనకు కాబోవు భార్య జూడిత్ కెర్ చేతితొడుగులకు ఆకులు అలములు అతికించి, ఆబీ ఛాయాచిత్రమునకు రంధ్రములు చేసి, వానిగుండ చేతులు దూర్చి ఆడించిరి. అదియే భూతము! అయినను ప్రేక్షకులు భయపడిరి. వారిని కలవరపెట్టినది ఆకుల గుంపు కాదు. ఒక మనుష్యుడు తన మనుష్యత్వమును కోల్పోవుచుండుట.

ముఖము లేని శత్రువు

1963 నవంబరు 23న అదే సంస్థ 'డాక్టర్ హూ'ను ప్రారంభించెను. డిసెంబరులో టెర్రీ నేషన్ రచించిన 'డాలెక్కులు' అందు ప్రవేశించిరి. తొలి వారమున వారి రూపమును చూపనేలేదు. ఒక గొట్టమువంటి చేయి ముందుకు వచ్చుట, ఒక స్త్రీ గోడకు ఆనుకొని కేకవేయుట — అంతటితో ఆ భాగము ముగిసెను. ప్రేక్షకులు వారము దినములు ఎదురుచూడవలసి వచ్చెను.

పూర్తిరూపము కనబడిన తరువాత కూడ రహస్యము తొలగలేదు. రేమండ్ క్యూసిక్ దానికి కాళ్లుగాని ముఖముగాని లేని రూపము కల్పించెను. లోపల నటుడు కూర్చుండి పాదములతో నడుపునని చూచువారికి తోచదు. దాని కంఠస్వరము వెనుక చక్కని భౌతికశాస్త్ర సూత్రము కలదు. నటుని స్వరమును రింగ్ మాడ్యులేటర్ అను విద్యుత్సాధనములో మరియొక అల్ప పౌనఃపున్యపు తరంగముతో గుణింతురు. స్వరములో సెకండుకు 300 కంపనములుండి, రెండవ తరంగము 30 కంపనములదైనచో, 330, 270 కంపనముల ధ్వనులు వెలువడును. మూలస్వరము మాయమగును. అందుచేత మాటలు తెలియుచునే యున్నను అవి మానవ కంఠమునుండి వచ్చినట్లుండవు.

నేషన్ బాల్యము రెండవ ప్రపంచయుద్ధ కాలమున గడచినది. తమవంటివారు కాని వారినందరిని నిర్మూలింపవలెనను డాలెక్కులలో నాజీల నీడ స్పష్టముగా కనబడును. దూరగ్రహమునుండి వచ్చిన శత్రువు నిజమునకు యూరపుయొక్క జ్ఞాపకములనుండియే వచ్చెను.

రాతిలో ప్రాణము

అమెరికాలో 1966లో ఆరంభమైన 'స్టార్ ట్రెక్' వేరొక మార్గము త్రొక్కెను. 1967 మార్చి 9న ప్రసారమైన ఒక కథలో, ఒక గ్రహమునందలి గనులలో పనివారిని ఏదో ప్రాణి చంపుచుండును. చంపుటకు బయలుదేరిన నాయకులు దానిని గాయపరచి, పిమ్మట దాని బాధను తెలిసికొనగోరుదురు. సొరంగములలో దొరకి, పనివారు పనికిరానివని పగులగొట్టుచున్న గుండ్రని గోళములు దాని గుడ్లు! ఆ ప్రాణి రాక్షసి కాదు. బిడ్డలను కాపాడుకొనుచున్న తల్లి. కథలో దానిపేరు హోర్టా. యానోస్ ప్రొహాస్కా అను నటుడు బరువైన తొడుగులో దూరి, నేలపై ప్రాకుచు ఆ పాత్రను పోషించెను.

హోర్టా దేహము సిలికానుతో నిర్మితమైనట్లు కథ చెప్పును. ఇది కేవలము కవి కల్పన కాదు. కార్బనువలె సిలికానుకు కూడ నాలుగు సంయోజకత కలదు. మన భూపటలపు భారములో దాదాపు 28 శాతము సిలికానే. అయినను మన జీవము కార్బనునే ఆశ్రయించెను. కార్బను ఆక్సిజనుతో కలిసి వాయువగును. ఊపిరితో దానిని వెలుపలికి పంపవచ్చును. సిలికాను ఆక్సిజనుతో కలిసినచో ఇసుకవంటి ఘనపదార్థమగును. అంతేకాక సిలికాను పరమాణువులు కార్బనువలె పొడవైన స్థిరమైన గొలుసులను సులభముగా నిర్మింపలేవు. రసాయనశాస్త్రోపాధ్యాయుడు ఈ ఒక్క కథతో ఒక గంట పాఠము చెప్పగలడు.

మానవుని పోలిన ముఖములు

అయితే తెరపై కనబడు గ్రహాంతరవాసులలో చాలమందికి రెండు కాళ్లు, రెండు చేతులు ఉండుటకు కారణము జీవశాస్త్రము కాదు, ఖర్చు. నటుని నుదుటిపై రబ్బరు అతికించుట తేలిక. 1993లో స్టార్ ట్రెక్ తరువాతి శ్రేణిలో, ప్రాచీనమైన ఒక జాతి పెక్కు గ్రహములలో జీవబీజములు చల్లినందున ఈ పోలిక కలిగెనని సమాధానము చెప్పిరి. నిజమునకు ఆక్టోపసు కన్ను, మన కన్ను వేర్వేరు మార్గములలో వికసించియు ఒకేరీతిగా నున్నవి. అవయవములు పోలియుండవచ్చును గాని, వేరొక గ్రహచరిత్రలో సంపూర్ణ మానవాకారము మరల ఏర్పడుట బహు దుర్లభము.

'బాబిలన్-5'లో కోష్ అను పాత్ర ఎల్లప్పుడును కవచములోనే యుండును. 1995లో ప్రసారమైన ఒక భాగమున అతడు వెలుపలికి వచ్చినపుడు ఒక్కొక్క జాతివారికి తమతమ దివ్యపురుషునివలె కనబడును. చూచినది వారి మనస్సునే గాని అతనిని కాదు. లోవెల్ కాలువల కథయు ఇట్టిదే గదా!

శాస్త్రజ్ఞుల ఓర్పు

1967లో కేంబ్రిడ్జిలో పరిశోధక విద్యార్థిని జోసెలిన్ బెల్ ఆకాశమునుండి సుమారు 1.3 సెకండ్లకొకసారి క్రమము తప్పక వచ్చు రేడియో స్పందనములను కనుగొనెను. వానికి పరిహాసముగా 'చిట్టి ఆకుపచ్చ మనుష్యులు' అని పేరు పెట్టిరి. కాని పత్రికలకెక్కుటకు త్వరపడక, పరికరదోషములను పరీక్షించిరి. ఆకాశమున వేరొక దిక్కునుండి అట్టి సంకేతమే మరియొకటి దొరకెను. ఇరువైపుల ప్రాణులు ఒకేసారి ఒకేరీతిగా పిలుచుట నమ్మదగినది కాదు. అవి వేగముగా తిరుగు న్యూట్రాను నక్షత్రములని తరువాత తేలెను.

గనిలో హోర్టాను గూర్చి విచారించినవారును, కేంబ్రిడ్జి పరిశోధకులును అనుసరించిన పద్ధతి ఒక్కటే: తెలియనిది ఎదురైనపుడు భయమునకుగాని ఉత్సాహమునకుగాని లొంగక ప్రశ్నించుట. విద్యార్థులకు ఒక గ్రహము యొక్క ఆకర్షణశక్తిని, ఉష్ణోగ్రతను, వాయువులను చెప్పి, అచట బ్రతుకగల ప్రాణిని చిత్రింపుమనుడు. ప్రతి అవయవమునకును కారణము అడుగుడు. ఊహకు రెక్కలుండవలెను; ఆ రెక్కలకు గాలిసూత్రములును తెలిసియుండవలెను.