బ్రతికియున్నవారి పేరు

రాచపుండు అను మాటను మన పెద్దలు బిగ్గరగా పలుకువారు కారు. "ఆ జబ్బు" అని గొంతు తగ్గించి ఊరకుండెడివారు. రోగికే తెలియనీయక దాచిన యిండ్లు మనలో ఎన్నియో కలవు. అట్టి వ్యాధి సోకియు బ్రతికియున్నవారికి ప్రత్యేకముగా ఒక పేరు కావలయునని ఆనాడు ఎవరు తలతురు?

బ్రతికినవారు లేనిదే పేరు పుట్టదు. భీమవరమున 1895లో జన్మించి మదరాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకులైరి. అచట తయారైన అమినోప్టెరిను అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బరు పిల్లల రక్తక్యాన్సరునకు వాడెను. 16 మందిలో 10 మందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించిరి. ఆ గుణము నిలువలేదు. కొలది నెలలకే వ్యాధి తిరుగబెట్టెను. సుబ్బారావుగారును ఆ యేడు ఆగస్టులోనే గతించిరి. ఆ మందునకు తోబుట్టువు వంటి మెథోట్రెక్సేటుతో, గర్భిణీదశతో ముడిపడిన ఒక జాతి క్యాన్సరు పూర్తిగా లొంగినట్లు 1956లో వెల్లడియైనది. ఆ ఫలితమును సుబ్బారావుగారు చూడలేదు.

ఇచట మదరాసులో, చెల్లెలిని ఈ వ్యాధికి కోల్పోయిన డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి పట్టుదలవలన 1954లో అడయారు క్యాన్సరు ఆసుపత్రి 12 పడకలతో వెలసినది. చికిత్స పొంది ఇంటికి మరలినవారు ఏటేట పెరిగిరి. వారిని ఏమని పిలువవలయునో మాత్రము ఎవరికిని తోచలేదు.

ఆ మాట అమెరికానుండి వచ్చినది. ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అను వైద్యునకు 1975లో, 32వ యేట, ఎదలో క్యాన్సరు గడ్డ కనబడెను. పదేండ్లు గడచిన పిదప 1985లో ఆయన యొక వ్యాసము వ్రాసి, నయమగుట, కాకుండుట అను రెండు గదులలో ఈ జీవితము ఇమడదనెను. చికిత్సాకాలమొకటి, చికిత్స ముగిసియు, మరల వచ్చునేమోయని దినములు లెక్కించు కాలమొకటి, ఆ భయము సడలిన కాలము మరియొకటి. మరుసటి యేడు ఆల్బుకర్కీ నగరమున ఆయనయు మరికొందరును కూడి ఒక సంఘమును స్థాపించిరి. వ్యాధి నిర్ధారణమైన దినమునుండి కడవరకు ప్రతివాడును "సర్వైవరే" అనిరి. ఆంగ్లమున ఆ మాట అంతకుముందు, చనిపోయినవాని వెనుక మిగిలిన బంధువులకు వాడుక!

తమిళనాట మనలను "వడుగు"లనిరి. అది ఇరుగుపొరుగువారు పెట్టిన పేరు. "రోగి" అనునదియు అట్టిదే. ఈ క్రొత్తపేరు మాత్రము బాధపడినవారు తమకు తాము పెట్టుకొనినది. ఐనను అందరికిని అది రుచింపలేదు. చికిత్సలో నున్నవాడు "నేనింకను బయటపడలేదే" అనును, నయమైనవాడు "నన్నా జబ్బుతోనే యేల గుర్తింతురు?" అనును. మన పత్రికలవారు "క్యాన్సరు విజేత" అని వ్రాయుచున్నారు. నాకది సమ్మతము కాదు. బ్రతికినవాడు విజేతయైనచో, కన్నుమూసినవాడు ఓడినవాడా? వానియందు ధైర్యము కొఱవడెనా?

మా మేనత్త మదరాసులో రొమ్ముక్యాన్సరునకు శస్త్రచికిత్స పొంది ఇరువదియేండ్లు జీవించినది. పండుగకు వచ్చిన చుట్టములు "పూర్తిగా నయమైనదా?" అని అడిగినపుడెల్ల, విస్తరిలో పప్పు వడ్డించుచు, "ఉన్నాను గదరా" అనెడిది.