పెచ్చరిల్లు: అర్థం, వాడుక

హద్దు మీరి, త్వరితగతిన పెరగడాన్ని తెలిపే తెలుగు క్రియ 'పెచ్చరిల్లు'. దీనికి మూలమైన 'పెచ్చు' అనే మాటకు ఎక్కువ, అధికం అని అర్థం. పెచ్చుపెరుగు, పెచ్చుమీరు అనేవి దీని తోబుట్టువులు. గోడ పెచ్చులూడింది అన్నప్పటి 'పెచ్చు'కు పెళ్ల అని అర్థం. ఆ మాట వేరు.

కన్నడ సీమలోని తెలుగువారికి ఈ మాట చుట్టరికం సులభంగానే తెలుస్తుంది. కన్నడంలో పూర్వపు పకారం కాలక్రమాన హకారమైంది. తెలుగు పాలు, పులి అక్కడ హాలు, హులి. ఆ వరుసలోనిదే 'హెచ్చు'. తెలుగులో పెచ్చు, హెచ్చు రెండూ నిలిచాయి. హెచ్చుతగ్గులు, హెచ్చవేత నిత్యం వాడే మాటలే.

రూపాలు కలిసినా వాడుకలో భేదముంది. కన్నడంలో 'మళె హెచ్చాగిదె' అంటే వాన ఎక్కువైందని మాత్రమే. అందులో నింద లేదు. తెలుగు 'హెచ్చు' కూడా అంతే. 'పెచ్చరిల్లు' అలా కాదు. నేటి రచనలో అది చెడు పెరుగుదలకే ఎక్కువగా చెల్లుతుంది. అవినీతి పెచ్చరిల్లింది, దొంగతనాలు పెచ్చరిల్లాయి, ఆగడాలు పెచ్చుమీరాయి అంటారు. పంట పెచ్చరిల్లింది, చదువు పెచ్చరిల్లింది అనరు. మంచికి వర్ధిల్లు, వృద్ధి చెందు, అభివృద్ధి చెందు అనేవి తగినవి. పెద్దలు 'వర్ధిల్లు నాయనా' అని దీవిస్తారే గాని పెచ్చరిల్లమని దీవించరు.

ఇంట తెలుగు, బడిలో మరో భాష నేర్చే పిల్లలు తడబడేది ఇక్కడే. తెలుగు తరగతి కోరుతూ రాసే అర్జీలో 'మా ఊరిలో తెలుగు చదివే పిల్లల సంఖ్య పెచ్చరిల్లింది' అని రాస్తే, కోరిక కాస్తా ఫిర్యాదులా వినిపిస్తుంది. 'గణనీయంగా పెరిగింది' అనాలి. 'పెరుగు' మంచిచెడులు రెండింటికీ సరిపోతుంది. తమిళులకూ అది సొంత మాటే. ఆడి మాసం పద్దెనిమిదో నాడు కావేరి నీటి పెంపును కొలిచే పండుగ పేరు 'ఆడిపెరుక్కు'.

వ్యాకరణరీత్యా 'పెచ్చరిల్లు' అకర్మకం. దీనికి కర్మ ఉండదు. ధరలను పెచ్చరిల్లారు అనడం తప్పు. పెచ్చరిల్లింది, పెచ్చరిల్లుతోంది, పెచ్చరిల్లిన, పెచ్చరిల్లడం అనేవి దీని వాడుక రూపాలు.

సందేహం కలిగినప్పుడు ఒక్క ప్రశ్న చాలు: ఆ పెరుగుదలను అరికట్టాలని రాసేవారి అభిప్రాయమా? అవునంటే 'పెచ్చరిల్లు' తగిన మాట. కాదంటే 'పెరుగు' చాలు.