పారేయగా మిగిలిన పుస్తకం

జిల్లా గ్రంథాలయంలో బైండింగు పని చేసి రిటైరయ్యాను. పాత పుస్తకం చేతికొస్తే ఇప్పటికీ ముందు కుట్టు చూస్తాను, తర్వాత అంచులు, ఆ తర్వాతే పేరు. అమెరికాలో పాత కామిక్ పుస్తకం ఫలానా కోట్లకు వేలంలో పోయిందని పేపర్లో వస్తే ‘డబ్బెక్కువైన వాళ్ల సరదా’ అంటారు మా ఇంట్లో. నాకు అలా అనిపించదు. ఆ ధర వెనక కాగితం పడ్డ కష్టం ఉంది.

1938 ఏప్రిల్లో అమెరికా పేపర్ షాపుల్లోకి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక వచ్చింది. అట్ట మీద వేసింది మాత్రం జూన్ నెల. వెల 10 సెంట్లు. ఆకుపచ్చ కారును ఎత్తి బండకేసి కొడుతున్న సూపర్‌మాన్ బొమ్మ ముఖచిత్రం. ఆ వీరుణ్ణి లోకం చూడటం అదే మొదలు. కథ రాసింది జెర్రీ సీగెల్, బొమ్మలు వేసింది జో షుస్టర్; ఇద్దరూ క్లీవ్‌లాండ్ కుర్రాళ్లు. 13 పేజీలకు పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు ముట్టజెప్పి, సూపర్‌మాన్ హక్కులన్నీ ఆ సంచిక ప్రచురించిన కంపెనీ రాయించుకుంది. ఆ 130తో పాటు వాళ్లకు రావలసిన మిగతా బాకీలూ కలిపి 412 డాలర్లకు ఒక చెక్కు ఇచ్చారు. దాని మీద ఇద్దరి పేర్లూ తప్పుగానే రాశారు. ఆ చెల్లిపోయిన చెక్కు 2012 వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. సృష్టికర్తలకు ఏటా 20,000 డాలర్ల చొప్పున పింఛను ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకున్నది 1975లో, అదీ పత్రికల్లో గొడవయ్యాక. ఈ చరిత్రలో నాకు కడుపు మండే చోటు ఇదే.

ఇక ధర సంగతి. ఆ సంచిక అచ్చయినప్పుడు అరుదైనదేం కాదు. సుమారు 2 లక్షల ప్రతులు వేశారని చెబుతారు. ఇవాళ మిగిలినవి వంద దాకా ఉంటాయని సేకర్తల అంచనా. మిగతావన్నీ ఎలా పోయాయి? కొంత కాగితం దోషం. అది న్యూస్‌ప్రింటు, చెక్కను నూరి చేసిన గుజ్జు. అందులో పుట్టే ఆమ్లం కాగితాన్ని లోపల్నుంచే తినేస్తుంది. ముందు పసుపు, తర్వాత గోధుమ రంగు, చివరికి మడత పెడితే విరిగే పెళుసు. ఇనుప పిన్నులు తుప్పు పట్టి చుట్టూ మరక దింపుతాయి. దానికి తోడు అవి పిల్లలు జేబులో కుక్కుకుని, చేతులు మార్చుకుని చదివినవి. రెండో ప్రపంచ యుద్ధంలో పాత కాగితం సేకరణలో బోలెడన్ని పోయాయి. యుద్ధం అయ్యాక పెద్దల కోపం మొదలైంది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్‌టన్‌లో పిల్లల చేతనే కామిక్సును కుప్పపోసి తగలబెట్టించారు. 1954లో సైకియాట్రిస్టు ఫ్రెడరిక్ వెర్తమ్ ఇవి పిల్లల్ని చెడగొడుతున్నాయని పుస్తకం రాస్తే, సెనేట్ ఉపసంఘం విచారణ దాకా పోయింది వ్యవహారం. ఇక ఏ తల్లి అటక మీద ఉంచనిస్తుంది?

అయినా ఉంచినవాడు ఒకడున్నాడు. కొలరాడోలో ఎడ్గార్ చర్చ్ అనే ప్రకటనల చిత్రకారుడు. తన బొమ్మల పనికి పనికొస్తాయని కామిక్సు కొని దొంతర్లుగా పేర్చాడు. అక్కడి గాలిలో తేమ తక్కువ, గది చీకటి. 1977లో చక్ రొజాన్స్కీ అనే యువ వ్యాపారి ఆ వేల ప్రతుల్ని కొన్నప్పుడు చాలావాటి కాగితం ఇంకా తెల్లగానే ఉంది. ఇప్పటికీ వేలంలో ‘చర్చ్ ప్రతి’ అంటే ధర వేరు.

స్థితికి కొలత గట్టిపడింది 2000 తర్వాత. సీజీసీ అనే సంస్థ పుస్తకాన్ని పరీక్షించి, 10కి ఎన్ని మార్కులో వేసి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేస్తుంది. నా వృత్తివాణ్ణి ఆపి ఆలోచింపజేసేది దాని పద్ధతి. చిరుగు అతికినా, రంగు దిద్దినా, అంచు వెంట్రుకవాసి కోసి చక్కజేసినా ఊదారంగు లేబులు వేస్తారు, ధర పడిపోతుంది. పుస్తకాన్ని బాగుచేయడమే మా బతుకు. అక్కడ ముట్టుకోకపోవడమే గొప్ప. ఆలోచిస్తే వాళ్లదీ న్యాయమే అనిపిస్తుంది: వాళ్లు కొంటున్నది చదవడానికి పుస్తకాన్ని కాదు, 1938 నాటి అచ్చు సాక్ష్యాన్ని.

దాంతో ధరలు పరుగెత్తాయి. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికదే 8.0 మార్కుల ప్రతి ఒకటి 2010లో 10 లక్షల డాలర్లకు పోయింది. 9.0 ప్రతి 2014లో 32 లక్షలు దాటింది. 8.5 ప్రతి ఒకటి 2024లో 60 లక్షలు. నటుడు నికొలస్ కేజ్ ఇంట్లో 2000లో దొంగలెత్తుకెళ్లిన ప్రతి 2011లో దొరికి, అదే ఏడు 21.6 లక్షలకు అమ్ముడైంది. ఆ దొంగతనం కథ దాని విలువేం తగ్గించలేదు. 2025 నవంబరులో, ఆ వీరుడి పేరుతోనే విడిగా వచ్చిన ‘సూపర్‌మాన్’ పత్రిక మొదటి సంచిక 91.2 లక్షలు పలికింది. అది ఒక తల్లి పోయాక ఆమె కొడుకులకు అటక మీద పాత పేపర్ల కింద దొరికినది.

పాతబడితే చాలు ధర వస్తుందనుకున్న వాళ్లూ ఉన్నారు. 1992లో సూపర్‌మాన్ చనిపోయిన సంచిక నల్ల కవరులో వస్తే ఒక్కొక్కరు నాలుగైదు కొని, కవరు విప్పకుండా దాచారు. లక్షల ఇళ్లలో భద్రంగా ఉంది కాబట్టే ఇప్పుడు దానికి గిరాకీ లేదు.

చేతులారా పోగొట్టుకోవడం మన దగ్గరా జరిగింది. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ‘చందమామ’ను ఇంటింటా ఏడాదికో వాల్యూముగా కట్టించుకున్నారు. లావు తగ్గాలని అట్టలు చింపించారు, అంచులు కోయించారు. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రాలు అలా ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయో! మీ ఇంట్లో అట్టతో సహా విడి సంచికలుంటే దయచేసి బైండింగుకు ఇవ్వకండి. సెల్లోటేపు అంటించకండి. పొడి చోట, వెలుతురు తగలకుండా, పడుకోబెట్టి ఉంచండి. పాత పేపర్లవాడికి వేసే ముందు అడుగున ఏముందో ఒక్కసారి తీసి చూడండి.