తమిళమునఁ గాదనుట యెట్లు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవారికిఁ దమిళము పరాయి భాష గాదు. బి.కొత్తకోట రైతు పండించిన టమాటాలు మదనపల్లె మండీ దాఁటి తమిళదేశపు టంగళ్లకుఁ బోవును. ఈ పొత్తు నిన్న మొన్నటిది గాదు. మదనపల్లె చెంతనున్న చిప్పిలితో సంబంధముగల రేనాటి చోళులు తాము కరికాలుని వంశమువారమని చెప్పుకొనుచునే శాసనములను దెనుఁగున వ్రాయించిరి. కంగుంది జమీందారీలోని కుప్పము 1911 దాఁక ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. మదనపల్లె కడప జిల్లాలో నుండెను. ఆ సంవత్సరము చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు రెండును నొక్క జిల్లాలోఁ జేరినవి.

కావున మనవారికి బేరమాడుట, అవుననుట కొలఁది దినములలోనే పట్టువడును. కాదనుట మాత్రము పట్టువడదు. అవుననుటలోఁ దప్పు దొరలినచో నెదుటివారు నవ్వి యూరకుందురు. కాదనుటలోఁ దప్పు దొరలినచో మాట తప్పినవాఁడనియో, మర్యాద యెఱుఁగనివాఁడనియో తలంతురు. తగవులు తీర్చు పెద్దలకీ భేదము మఱింత ముఖ్యము. "సొమ్ము ఇయ్యలేదు" అనుట గడచిన సంగతి. "ఇయ్యను" అనుట మనసులోని నిశ్చయము. మొదటిది సాక్ష్యము, రెండవది తగవు.

పూర్వము రెండు భాషలును నొకే తీరునఁ గాదనెడివి. మనము చేయను, చేయవు, చేయఁడు, చేయము అనుచోటఁ బ్రాచీన తమిళులు శెయ్యేన్, శెయ్యాయ్, శెయ్యాన్, శెయ్యోమ్ అనిరి. చేసితిని, చేసెదను అని యవుననునప్పుడు కాలమును దెలుపు వర్ణములు ధాతువు వెంట వచ్చును. కాదనునప్పుడవి రాలిపోవును. జరగని పనికిఁ గాలమెందుకని పూర్వులు తలఁచిరేమో! 1816లో ఎల్లిస్ దొర, క్యాంబెల్ దొర రచించిన తెలుఁగు వ్యాకరణమునకుఁ జేర్చిన ప్రస్తావనలో, మన భాషలు సంస్కృతమునఁ బుట్టినవి గావనియు నొకతల్లి బిడ్డలనియుఁ జూపెను. 1856లో కాల్డ్వెల్ దొర తన ద్రావిడభాషల వ్యాకరణమున నీ కాలములేని వ్యతిరేకక్రియను విపులముగాఁ జర్చించెను.

తమిళమే పెద్దదని, ప్రాచీనమని మనము వినుచుందుము. అయినను నీ విషయమునఁ బాతసొత్తును వాడుకలో నిలుపుకొన్నది తెనుఁగే. చేయను, రాను, పోను అని మన పసిబిడ్డలు సహిత మందురు. తమిళుల నిత్యవ్యవహారమున శెయ్యేన్ అను రూపము మాసిపోయి రెండు క్రొత్తమార్గము లేర్పడినవి. జరగలేదనుటకు శెయ్యవిల్లై యందురు. ఇది మనకు సులువు. చేయ, లేదు అను రెండు మాటలు మనకుఁ జేయలేదు అయినట్లే, శెయ్య, ఇల్లై కలిసి శెయ్యవిల్లై యైనది. నేననినను, వాఁడనినను, మీరనినను రూపము మాఱదు. మన చేయలేదును నట్లే మాఱదు. ఇఁక చేయఁబోననుటకు శెయ్యమాట్టేన్ అందురు. మాట్టుట యనఁగాఁ బూర్వము శక్తిగలిగియుండుట. కనుక నీ మాట మొదటి యర్థము చేయఁజాలను అని. కాలక్రమమునఁ జాలమి నిరాకరణముగా మాఱినది. మన చేయలేను మాత్రము చాలమిగానే నిలిచినది. ఇది తెలియక మనవాఁడు వినయముగా "నా వలనఁ గాదు" అనఁదలఁచి మాట్టేన్ అనినచో, వినువారికిఁ "జేయనుపో" యనినట్లుండును. అచట శెయ్య ముడియాదు అనవలెను.

చుట్టఱికమును నమ్మి మోసపోవు చోటు మఱియొకటి కలదు. మన చెప్పనుకు సరియైన పాతరూపము సొల్లేన్. మనవాఁడు దీనిని వాడి చెప్పనని బిగిసి కూర్చుండును. నేఁటి తమిళునికో, సొల్లేన్ అనఁగాఁ "జెప్పరాదూ" అని బ్రతిమాలుట! మన చెప్పరాదూ కూడఁ బైకిఁ గాదను మాటయే కదా, గొంతునుబట్టి బుజ్జగింపైనది. వారేన్ సంగతి యింతకంటె వింత. ప్రాచీనగ్రంథములలో దీని యర్థము రానని. నేఁడు కొన్ని తావుల వాడుకలో "ఇదిగో వచ్చుచున్నాను" అని.

పాతరూపము తమిళమున నపుంసకమునందు మాత్రము బ్రదికియున్నది. బండి పోదు అనుటకు వండి పోగాదు అందురు. తెలియదు తెరియాదు, కూడదు కూడాదు. ఇవి చూచి మన మెంతయు సంతసింతుము. కాని యిక్కడనే మర్యాద చెడును. తెనుఁగున ఆమె రాదు, ఎద్దు రాదు అని స్త్రీకిని బశువునకు నొక్కటే రూపము. దాన నెవరికిని లోపము తోఁపదు. తమిళమున వరాదు అనునది పశువులకును వస్తువులకును జెల్లును. స్త్రీనిగూర్చి అవళ్ వరమాట్టాళ్ అనవలెను. పెద్దలైనచో అవర్గళ్ వరమాట్టార్గళ్ అనవలెను. వియ్యపురాలినిగూర్చి వరాదు అనినచో నా యింటఁ గలుగు కష్టము నేను జెప్పనక్కఱలేదు.

ఇల్లై, అల్ల యనునవి మన లేదు, కాదులవంటివే. ఇంట లేఁడనుటకు ఇల్లై, వైద్యుఁడు గాఁడనుటకు అల్ల. కాని వాడుకలో వారు రెంటికిని ఇల్లై యనియే యందురు. వలదనుటకు బిడ్డనైనచో శెయ్యాదే, పెద్దలనైనచో శెయ్యాదీర్గళ్.

ఆర్డెన్ దొర 1873లోఁ దెలుఁగునకు, 1891లోఁ దమిళమునకు నేర్చువారికొఱకు వ్యాకరణములు ప్రకటించెను. 1997లోఁ గుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమున నీ భాషలన్నింటిని జేర్చి పరిశీలించుటకు వీలు కలిగినది. అంతవఱకుఁ బోనక్కఱలేనివారికిఁ దమిళుల పంక్తిలో భోజనమే పాఠశాల. వడ్డించువారితో మన వద్దునకు వేండామ్ అనవలెను. ఇది మన వేఁడుటకుఁ జుట్టమైన మాట. చాలు అనుటకుఁ బోదుమ్ అనవలెను. అది విని మనవారు పోదుము అనుకొని విస్తరిముందునుండి లేవరాదు.