బొద్దుబిడ్డ వెనక కథ

మా జగ్గయ్యపేట వైపు బిడ్డ పుట్టిందనగానే అందరూ ముందడిగేది బరువే. నాలుగు కిలోలు దాటితే ఇంటిల్లిపాదికీ మురిపెం. మా చిన్నమేనత్త రెండో కాన్పులో పిల్లాడు నాలుగున్నర కిలోలు పుట్టాడు. నందిగామ నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లంతా "తల్లి బాగా తింది, అందుకే" అన్నారు. రెండోరోజు తెల్లవారుజామున ఒళ్లు చల్లబడి, వణికి, పాలు పట్టకుండానే పోయాడు. దిష్టి అన్నారు. చాలా ఏళ్ల తర్వాత నా కాన్పప్పుడు నాకు గ్లూకోజు నీళ్లు తాగించి రక్తం తీస్తుంటే, పక్కన కూర్చున్న అత్త "మాకిదేం చెయ్యలేదే" అంది. అప్పటికే ఆవిడకి షుగరు ఉంది. పిల్లాడు పోవడానికి అదే కారణమని ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే ఈ పరీక్ష మన దాకా ఎలా వచ్చిందో చదివాను.

మధుమేహం అన్న మాట మనకి పాతదే. ఆ మూత్రానికి చీమలు పడతాయని సుశ్రుతుడి కాలానికే తెలుసు. గర్భిణికి వచ్చే షుగరు గురించి మాత్రం 1824లో బెర్లిన్‌లో బెన్నెవిట్జ్ అనే వైద్యుడు రాశాడు. ఐదో కాన్పుకు వచ్చిన ఒకావిడకి తీరని దాహం. పన్నెండు పౌన్ల బిడ్డ ప్రసవంలోనే చనిపోయింది. తల్లికి మాత్రం కాన్పయ్యాక ఆ లక్షణాలు పోయాయి.

1922లో ఇన్సులిన్ వైద్యం మొదలయ్యాక తల్లులు బతకసాగారు. బిడ్డలు మాత్రం ఇంకా చాలామంది దక్కేవారు కాదు. బోస్టన్‌లో ప్రిసిల్లా వైట్ అనే డాక్టరమ్మ జీవితమంతా ఈ తల్లులకే వైద్యం చేసింది. బిడ్డలకి ఎందుకలా అవుతోందో కోపెన్‌హాగన్‌లో పెడెర్సన్ వివరించాడు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డకి వెళుతుంది, ఇన్సులిన్ వెళ్లదు. దాంతో బిడ్డ తనే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని కొవ్వు పడుతుంది. గుండె గదుల మధ్య గోడ కూడా మందమవుతుంది. బొడ్డు కొయ్యగానే తల్లి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ ఆగదు. అందుకే పుట్టిన కొన్ని గంటల్లోనే చక్కెర పడిపోయి వణుకు వస్తుంది. గంటలోపే ముర్రుపాలు పట్టించాలనడం ఇందుకే. మనవాళ్లేమో ఆ పాలే పిండి పారబోసేవారు! గుండె గోడ మందం చాలామంది పిల్లల్లో కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. గర్భానికి ముందే షుగరు ఉన్నవాళ్ల సంగతి వేరు. గుండె ఏర్పడేది మొదటి రెండు నెలల్లోనే కాబట్టి షుగరు అంతకుముందే అదుపులో ఉండాలి.

1964లో బోస్టన్‌లో ఓసల్లివన్, క్లెయిర్ మహన్ 752 మంది గర్భిణుల్ని పరీక్షించి కొలతలు పెట్టారు. నాకు ఆశ్చర్యమనిపించిందేమిటంటే, అవి తల్లికి ముందుముందు షుగరు వస్తుందా అని చూడ్డానికి పెట్టినవి. బిడ్డ కోసం కాదు.

ఇక మన పొరుగున మైసూరులో హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రిలో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. పదమూడేళ్లు దాటాక వాళ్లని పెద్దల ముందు నిలబెట్టి మాట్లాడమన్నారు, నోటి లెక్కలు చెయ్యమన్నారు. తల్లికి గర్భంలో షుగరున్న పిల్లల్లో రక్తపోటు, గుండె పంపే రక్తం మిగతావాళ్లకంటే ఎక్కువ పెరిగాయి. తండ్రికి షుగరున్న పిల్లల్లో అలా కాలేదు. అంటే ఇది వంశం వల్ల మాత్రమే వచ్చింది కాదు, గర్భంలో గడిపిన నెలలకీ ఇందులో పాత్ర ఉందన్నమాట. ఆ తల్లుల పిల్లలు 26 మందే, అందుకని పెద్దగా భయపడక్కర్లేదు. 2015లో ఇది చదివిన తల్లి ఎవరైనా తన పిల్లల్ని ఒకసారి తేరిపార చూసుకుని ఉంటుంది.

మన దగ్గర పరీక్ష తేలికైంది చెన్నైలోని డాక్టర్ శేషయ్య గారి వల్ల. పరగడుపున రానక్కర్లేదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగి, రెండు గంటల తర్వాత ఒకసారి రక్తం ఇస్తే చాలు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగరున్నట్టే. మొదటిసారి చూపించుకున్నప్పుడు, మళ్లీ 24-28 వారాల మధ్య చెయ్యాలి. పల్లె నుంచి బస్సెక్కి వచ్చే పిల్లకి ఇదెంత మేలో మగవాళ్లకి చెబితే అర్థం కాదు. తొంభైమందికి పైగా ఆహారం, నడకతోనే సర్దుకుంటుందని కాదు గానీ, చాలామందికి అవే సరిపోతాయి. చాలనివాళ్లకి ఇన్సులిన్ ఉంది.

మొన్న మా ఆడపడుచు కూతురికి చలిమిడి పెట్టాం. బెల్లం, బియ్యప్పిండి, కొబ్బరి అన్నీ అత్తే కలిపింది. ముద్ద మాత్రం ఉసిరికాయంత చేసి పిల్ల నోట్లో పెట్టి, "పరీక్ష ఎప్పుడే?" అంది. తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రిలో అని చెప్పింది పిల్ల. నేనూ వస్తానంది అత్త.